ఏడు గంటల్లో మిగిలేవి రెండున్నర

(రాయగడలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం. రికార్డు విని ఎత్తిరాసింది.)

పెద్దలకు నమస్కారం. అమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. బాబూ, ఆ ఫ్యాను కొంచెం ఇటు తిప్పండి. సరే.

ఈ పూట చెప్పమన్న విషయం, విమానం మారే వేళలో ఊరు చూడటం. ఆ మాట వింటే దుబాయో సింగపూరో గుర్తొస్తుంది. మనకు అంత దూరం అక్కర్లేదు. రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ వాళ్లు ఢిల్లీకో కలకత్తాకో వెళ్లాలంటే చాలాసార్లు మధ్యలో తగిలేది భువనేశ్వర్. రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కుతారు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం చుట్టుకుని, పలాస, బరంపురం దాటి, తెల్లారాక అక్కడ దిగుతారు. విమానం మధ్యాహ్నమో సాయంత్రమో ఉంటుంది. మధ్యలో ఐదు గంటలు, ఏడు గంటలు ఖాళీ. స్టేషన్లో పేపరు పరచుకుని కూర్చుండిపోయేవాళ్లు కొందరు. పూరీ వెళ్లొచ్చేద్దామని టాక్సీ మాట్లాడుకుని విమానం పోగొట్టుకునేవాళ్లు కొందరు. రెండూ వద్దు.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ ఏడు గంటలు మనం ఊరు చూడటానికి పెట్టుకున్నవి కావు. రైలు ఆలస్యానికి పెట్టుకున్నవి. రైలు టికెట్టూ విమానం టికెట్టూ వేరువేరు. రైలు మూడు గంటలు లేటైతే విమానం వాళ్లకు సంబంధం లేదు, డబ్బు పోయినట్టే. విమానానికీ విమానానికీ మధ్య అయినా అంతే, రెండూ ఒకే పీఎన్ఆర్ మీద లేకపోతే మొదటిది ఆలస్యమైందని రెండోది ఆగదు. జయపురం నుంచి భువనేశ్వర్‌కు 2022 అక్టోబర్ 31న తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైంది కదా. అలాంటి దాంట్లో వచ్చి అక్కడ పెద్ద విమానం ఎక్కాలనుకునేవాళ్లు ఈ మాట రెండుసార్లు వినాలి. కాబట్టి గ్యాపు ఎక్కువ పెట్టుకోవడం తెలివితక్కువ కాదు. రైలు వేళకు వచ్చిందా, అప్పుడు ఆ మిగిలిన టైము మనది. రాలేదా, ఊరు చూడటం మానేసి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోవడమే. ఇంట్లో బయల్దేరేటప్పుడే ఈ రెండో మాటకు మనసు కట్టుకుని బయల్దేరాలి.

ఇప్పుడు లెక్క. లెక్క ఎప్పుడూ వెనక నుంచి వేయాలి. మధ్యాహ్నం 3:30కి విమానం అనుకోండి. దేశంలో తిరిగే విమానాలకు మామూలుగా 60 నిమిషాల ముందు చెకిన్ కౌంటరు మూసేస్తారు, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తారు. గేటు మూశాక విమానం కళ్లెదురుగా నిలబడి ఉన్నా ఎక్కించుకోరు. బ్యాగు వేసేది ఉంటే రెండు గంటల ముందు, అంటే 1:30కి టెర్మినల్ గుమ్మం దగ్గర ఉండాలి. రైల్వే స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టు నాలుగైదు కిలోమీటర్లే, కానీ అరగంట వేసుకోండి. ఒంటి గంటకు స్టేషన్లో బయల్దేరాలి. క్లోక్‌రూంలో పెట్టెలు విడిపించుకోవడానికి ఇరవై నిమిషాలు. 12:40. పాతూరి నుంచి, అంటే లింగరాజ గుడి ఉన్న పాత భువనేశ్వర్ నుంచి, స్టేషన్‌కు ఆటోలో ఇరవై అయిదు నిమిషాలు. అంటే 12:15కి ఎక్కడున్నా లేవాలి. ఇక ఇటు నుంచి చూడండి. రైలు 8:30కి దిగింది. వెయిటింగ్ హాల్లో స్నానం, టిఫిను, క్లోక్‌రూం, ముప్పావు గంట. ఆటో పట్టుకుని గుడి దగ్గర దిగేసరికి 9:40. మిగిలింది రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. ఏడు గంటల్లో మనకు దక్కేది అంతే. దీన్ని ఐదు గంటలనుకున్నవాళ్లే పరుగులు పెడతారు.

ఈ లెక్కలో టైమంతా తినేస్తున్నది ఏది? పెట్టె. పెట్టె కోసమే మళ్లీ స్టేషన్‌కు రావాలి. పెట్టె కోసమే అరగంట ముందు కౌంటరు దగ్గరుండాలి. అదే ఏడు కిలోల లోపు భుజాన వేసుకునే సంచి ఒక్కటే ఉండి, బోర్డింగ్ పాసు ముందురోజే ఫోన్లో తీసుకుంటే, తొమ్మిదింటికల్లా స్టేషన్ బయట పడొచ్చు. పాతూరి నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు. గంటన్నర ముందు చేరితే చాలు. అప్పుడు నాలుగు గంటలు దక్కుతాయి. రెండున్నరకూ నాలుగుకూ తేడా ఒక్క సూట్‌కేసు.

పెద్ద పెట్టె తప్పదంటారా, క్లోక్‌రూం నియమాలు తెలుసుకోండి. తాళం లేని బ్యాగు తీసుకోరు. జిప్పుకు చిన్న తాళం ఇంట్లోనే వేసి తెచ్చుకోండి, లేకపోతే స్టేషన్ బయట తాళం కొనడానికి తిరగాలి. రైలు టికెట్టు, గుర్తింపు కార్డు చూపించాలి. రసీదు పోగొట్టుకుంటే పెట్టె ఇవ్వడానికి బోలెడు తతంగం, అందుకని రసీదును వెంటనే ఫోటో తీసుకోండి. విమానం కౌంటరులో పొద్దున్నే పడేద్దామంటే, చాలా ముందుగా వెళ్తే వాళ్లు బ్యాగు తీసుకోరు. ఆటోవాడి దగ్గర పెట్టెలు వదిలి గుళ్లోకి వెళ్లడం మాత్రం ఎంత మంచివాడైనా చేయకండి. అతని మీద అనుమానంతో కాదు. పార్కింగు దగ్గర పోలీసు కదలమంటే బండి కదుల్తుంది, మీ ఫోను గుడి బయట కౌంటర్లో ఉంటుంది. ఒకర్నొకరు వెతుక్కోవడానికే అరగంట.

విమానం దిగి విమానం ఎక్కేవాళ్లకు పెట్టె సంగతి వేరు. మొదటి ఊళ్లో బ్యాగుకు కాయితం పట్టీ కడతారు. దాని మీద పెద్దక్షరాల్లో మూడక్షరాల ఊరి కోడ్ ఉంటుంది. భువనేశ్వర్‌కు బీ, బీ, ఐ. మీ పట్టీ మీద ఆఖరి కోడ్ బీబీఐ అని ఉంటే బ్యాగు భువనేశ్వర్‌లో బెల్టు మీదకు వచ్చేస్తుంది, మీరే తీసుకుని మళ్లీ వేయాలి. మీరు చివరికి దిగే ఊరి కోడ్ ఉంటే మీరు చేతులూపుకుంటూ బయటికి రావచ్చు. కౌంటరు వదలకముందే చదువుకోవాల్సిన మూడక్షరాలవి. బయటికొస్తే మళ్లీ లోపలికి గుమ్మం దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి, సెక్యూరిటీ అంతా మొదటి నుంచీ దాటాలి. అందుకే నాలుగు గంటల కన్నా తక్కువ గ్యాపు ఉంటే బయటికి రాకండి. కుర్చీలో కునుకు తీయండి.

సరే, బయటపడ్డాం. ఎటు వెళ్లాలి?

భువనేశ్వర్‌కు ఒక సౌకర్యం ఉంది. ఎయిర్‌పోర్టు ఊరి నడుమ ఉంది. హైదరాబాదులా గంట ప్రయాణం లేదు. గాలిలో చూస్తే లింగరాజ గుడి రెండు కిలోమీటర్ల లోపే. దారి చుట్టు తిరగాలి కాబట్టి నాలుగనుకోండి. ఇదంతా పాతూరు, ఎయిర్‌పోర్టుకు తూర్పు. పడమటి వైపు ఖండగిరి, ఉదయగిరి కొండలు, ఆరేడు కిలోమీటర్లు. మధ్యలో రాజధాని. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, ఆటో కోనిగ్స్‌బర్గర్ అనే జర్మన్ ఆర్కిటెక్టు గీసిన ఊరు. రోడ్లు వెడల్పు, చెట్లు బాగుంటాయి, కానీ రెండు గంటల్లో చూడటానికి అందులో ఏమీ లేదు. కాబట్టి తూర్పు, లేదా పడమర. రెండూ కాదు. రెండూ చూద్దామనుకున్న రోజు మధ్యలో రోడ్ల మీదే గంట పోతుంది, రెండు చోట్లా ఫోటోలే మిగుల్తాయి.

ఎవరికి ఏది? రైలు దిగినవాళ్లకు తూర్పు. జయపురం, కోరాపుట్ నుంచి రాత్రి బస్సులో వచ్చి బరముండా బస్టాండులో దిగినవాళ్లకు పడమర, ఎందుకంటే అక్కడి నుంచి ఖండగిరి పక్కనే. బస్సు దిగి మళ్లీ ఊరంతా దాటి లింగరాజకు పోయి తిరిగి రావడం దండగ.

తూర్పు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, నిజంగా చూడాల్సింది అక్కడే ఉంది.

లింగరాజ గుడికి పొద్దున వెళ్లాలి. మధ్యాహ్నం భోగం వేళకు దర్శనం ఆపేస్తారు, పన్నెండు దాటాక వెళ్తే తలుపు ముందు పడిగాపులే. అందుకే 9:40కి దిగితే మొదట ఇదే. చెప్పులు, ఫోన్లు, తోలు వస్తువులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. చెప్పులు అందరికీ గుర్తుంటాయి, బెల్టూ పర్సూ తోలువని గుర్తుండదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేది మగవాళ్లే. ఆ రోజుకు గుడ్డ సంచిలో డబ్బులు పెట్టుకోండి. సామాన్లున్నవాళ్లు జట్టుగా వెళ్తే ఒకరు బయట కూర్చుని వంతుల వారీగా దర్శనం చేసుకోవడం మేలు.

లోపల పెద్ద లింగం ఉంటుందని వెళ్తారు మనవాళ్లు. అక్కడ కనిపించేది నేలకు అంటుకుని ఉన్న రాయి. ఎనిమిది అడుగుల అడ్డం, ఎత్తు ఎనిమిది అంగుళాలే అంటారు. హరిహరుడిగా కొలుస్తారు కాబట్టి బిల్వ పత్రంతో పాటు తులసి కూడా వేస్తారు. శివుడికి తులసేమిటని ఆశ్చర్యపోకండి, అక్కడి పద్ధతి అదే. పండా, అంటే అక్కడి పూజారి, వచ్చి పట్టుకుంటే దక్షిణ ఎంతో ముందే మాట్లాడుకోండి. మన ఒరియా దక్షిణాది యాసలో ఉన్నా ఏం పరవాలేదు. "కెతే నెబొ", అంటే ఎంత తీసుకుంటావని, ముందు అడిగినవాడికి తర్వాత తగువుండదు. అదే మాట ఆటోకు కూడా.

హిందువులు కానివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. మన జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి, కలిసి ప్రయాణాలు చేస్తుంటారు, అందుకే చెప్తున్నాను. ఉత్తరపు గోడ బయట ఎత్తుగా కట్టిన వేదిక ఉంది. అక్కడి నుంచి 180 అడుగుల శిఖరం, చుట్టూ చిన్న గుళ్లు, ఆవరణంతా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే కట్టడం చూడాలంటే లోపలి కన్నా అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. దానికి టికెట్టు లేదు. ఎవరైనా పుస్తకం తెచ్చి చందా రాయమంటే రాయాలన్న నియమమూ లేదు.

గుడి బయటికొచ్చాక ఉత్తరంగా రెండు నిమిషాలు నడిస్తే బిందుసాగరం చెరువు. తూర్పు గట్టు మీద అనంత వాసుదేవ ఆలయం. 1278లో గంగ వంశపు రాజు మూడో అనంగభీముడి కూతురు చంద్రిక కట్టించింది. ఇక్కడి ప్రసాదం మట్టికుండల్లో వండుతారు. అన్నం, డాల్మా అనే పప్పు, కనికా అనే తీపి అన్నం, బెసర అనే ఆవపెట్టిన కూర, ఖటా అనే పుల్లటి పచ్చడి. ఉల్లి, వెల్లుల్లి పడవు. నేల మీద కూర్చుని ఆకులో తినాలి. అయితే ఇది భోగం అయ్యాక, మధ్యాహ్నమే దొరుకుతుంది. 12:15కి లేవాల్సిన వాళ్లకు దక్కదు. సాయంత్రం విమానం వాళ్లు మాత్రం లింగరాజ, ముక్తేశ్వరం చూసి మధ్యాహ్నానికి ఇక్కడికి తిరిగొచ్చేలా వేసుకోండి. డాల్మా మన పప్పుచారు కన్నా చిక్కన, కూరగాయల పప్పు కన్నా పలచన, పైన జీలకర్ర, ఎండుమిరప వేయించి దంచిన పొడి చల్లుతారు. కొంచెం తీపి తగుల్తుంది. కారం అలవాటైన నోటికి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది, మూడో ముద్దకు సర్దుకుంటుంది.

ఇప్పుడు ముక్తేశ్వరం. లింగరాజకు కిలోమీటరు దూరం. ఆటోలో అయిదు నిమిషాలు, ఎండ లేకపోతే నడవచ్చు. తూర్పున ఒకే ఒక్క చోటు చూడటానికే టైముంటే ఇదే చూడండి. చిన్న గుడి, ఎత్తు 35 అడుగులే. సుమారు 950, 975 మధ్య కట్టింది. ముందర రాతి తోరణం. రెండు లావుపాటి స్తంభాల మీద విల్లులా వంగిన రాయి, దాని మీద ఒరిగి పడుకున్న ఆడవాళ్ల బొమ్మలు. తోరణం దాటాక ముఖమండపానికి, దాన్ని అక్కడ జగమోహనం అంటారు, పక్క గోడలో కిటికీ ఉంది. జల్లెడలా చెక్కిన రాతి కిటికీ. దాని చుట్టూ ఉన్న అంచు దగ్గరికెళ్లి చూడండి. కోతులు. ఒకటి ఇంకోదాన్ని తరుముతుంటుంది. మొసలి వీపు మీద కూర్చున్న కోతి కూడా ఉంది. పంచతంత్రంలో గుండెను చెట్టు మీద మరిచిపోయి వచ్చానన్న కోతి కథే అది. పిల్లల్ని తీసుకెళ్తే ఆ కిటికీ దగ్గర పావుగంట ఆగుతారు. తర్వాత జగమోహనం లోపలికి వెళ్లి తల పైకెత్తాలి. పైకప్పు లోపల రేకులు విచ్చుకున్న తామర. చాలామంది గర్భగుడిలో దండం పెట్టి తల ఎత్తకుండా వచ్చేస్తారు.

అక్కడి నుంచి మూడు వందల అడుగులో, కాస్త ఎక్కువో నడిస్తే పరశురామేశ్వరం. సుమారు 650 నాటిది, అంటే ముక్తేశ్వరం కన్నా మూడు వందల ఏళ్లు పాతది. రెండూ వరసగా చూస్తే ఒక తేడా పట్టుకోవచ్చు. గర్భగుడి గుమ్మం పైన గ్రహాల బొమ్మలు ఉంటాయి. లెక్కపెట్టండి. పరశురామేశ్వరంలో ఎనిమిదే. కేతువు లేడు. ముక్తేశ్వరంలో తొమ్మిది. ఆ మధ్య కాలంలో కేతువు వచ్చి వరసలో నిలబడ్డాడు. ఒడిశా గుళ్ల వయసు చెప్పడానికి ఇదొక గుర్తు. గైడు అక్కర్లేదు, ఎనిమిదా తొమ్మిదా చూసుకుంటే చాలు.

ఇంకో మాట, మన జిల్లాకు చెందింది. ఈ గుళ్ల ముందు నిలబడి, ఇవేవో పరాయి కట్టడాలనుకుంటారు మనవాళ్లు, ఎందుకంటే మన కంటికి గోపురం అంటే దక్షిణాది గోపురం. గుణుపురం పక్కన వంశధార ఉంది కదా. ఆ ఏరు దిగువకు పారి శ్రీకాకుళం జిల్లాలో ముఖలింగం దగ్గర నుంచి వెళ్తుంది. ముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి చూసినవాళ్లు చేతులెత్తండి. ఆ, సగం మంది ఉన్నారు. అక్కడి శిఖరం, మూలల్లో చిన్న గుళ్లు, గుమ్మం చెక్కడం, అన్నీ భువనేశ్వర్ వరసే. కళింగ గంగరాజుల కళింగనగరం అదే. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడి కాలంలో వాళ్ల పెత్తనం ఉత్తరానికి పెరిగి, కేంద్రం కటకానికి మారింది. అనంత వాసుదేవం కట్టించిన చంద్రిక ఆ వంశపు బిడ్డే. ముఖలింగం చూసినవాళ్లకు భువనేశ్వర్ కొత్త ఊరు కాదు.

రాజారాణి గుడి ముక్తేశ్వరం నుంచి ఇంకో కిలోమీటరు. ఇది పురావస్తు శాఖ టికెట్టు చోటు. నగదైతే 25, ఆన్‌లైన్లో 20 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, సిగ్నల్ అందకపోతే ఇబ్బంది, చిల్లర ఉంచుకోండి. లోపల దేవుడు లేడు, పూజ లేదు. పచ్చిక నడుమ ఎరుపు, పసుపు కలిసిన ఇసుకరాయి గుడి. ఆ రాయి పేరే రాజారాణి. ఏ రాజుకూ రాణికీ సంబంధం లేదు, గైడ్లు చెప్పే ప్రేమకథ నమ్మకండి.

ఎండ గురించి ఒక్క నిమిషం. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా పదకొండు దాటితే గుడి ఆవరణలో రాతి నేల కాళ్లను కాలుస్తుంది. పాత మేజోళ్లు ఒక జత సంచిలో వేసుకోండి. వాన పట్టిన రోజైతే గుళ్లు వదిలేసి కల్పనా ఛక్ అనే కూడలి దగ్గర రాష్ట్ర మ్యూజియంలో దూరండి, స్టేషన్‌కూ పాతూరికీ మధ్యలో పడుతుంది. తాటాకు ప్రతుల గది ఒక్కటి చూసినా చాలు. సోమవారం మాత్రం సెలవు.

పడమర వాళ్లకు క్లుప్తంగా చెప్తాను. రోడ్డుకు కుడివైపు ఉదయగిరి, ఎడమవైపు ఖండగిరి. టికెట్టు ఉదయగిరికి, రేటు రాజారాణి లాగే. గంటన్నర ఉంటే ఉదయగిరి ఒక్కటే ఎక్కండి. కింద రాణీగుంఫ, రెండంతస్తుల గుహ, అక్కడ అరగంట. పైకి వెళ్తే హాథీగుంఫ. కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉన్నది దీని నెత్తిన. బ్రాహ్మీ లిపిలో 17 పంక్తులు. రాయి అరిగిపోయింది, చదవడానికి కాదు, చూడటానికి వెళ్లాలి. అందులో ఒక పంక్తి మనకు ముఖ్యం. శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యం పంపానంటాడు ఖారవేలుడు. మనం స్కూల్లో చదువుకున్న శాతవాహనుల పేరు పొరుగు రాజు కొండ మీద చెక్కించాడన్నమాట. కొండముచ్చులు గుంపులుగా ఉంటాయి. కింద అమ్మే పల్లీలు, అరటిపళ్లు కొనకండి. చేతిలో పొట్లం ఉన్నవాడి సంచీ మీదకే దూకుతాయి, ఆ సంచిలోనే కదా మీ టికెట్టూ కార్డూ. మాఘసప్తమికి ఖండగిరి జాతర మొదలవుతుంది, ఆ రోజుల్లో పడమర పేరెత్తకండి. అలాగే శివరాత్రి, అశోకాష్టమి రోజుల్లో తూర్పు. రథయాత్ర వారంలో అయితే స్టేషనూ ఎయిర్‌పోర్టూ రెండూ పూరీ జనంతో నిండి ఉంటాయి, గ్యాపులో గంట అదనంగా తీసేయండి.

అడగండి. చెయ్యెత్తినాయన, చెప్పండి.

(సభలో ఒకరు: పూరీ అసలు కుదరదా అండీ? అరవై కిలోమీటర్లే కదా.)

అరవయ్యే. పోను గంటన్నర, రాను గంటన్నర, అవి రోడ్డు బాగున్న రోజు మాట. అవి లెక్కకొస్తాయి. లెక్కకు రానిది క్యూ. జగన్నాథుడి దగ్గర ఒకరోజు నలభై నిమిషాలు, ఒకరోజు మూడు గంటలు. లోపల ఉండగా విమానం టైము గుర్తొచ్చినా జనంలోంచి వెనక్కి రాలేరు. ఫోను బయట పెట్టారు కాబట్టి ఎవరికీ చెప్పలేరు కూడా. దిగిన దగ్గర నుంచి విమానం దాకా పది గంటలుంటే వెళ్లండి. లేకపోతే ధౌలీ వెళ్లండి. అదీ పూరీ రోడ్డులోనే, దయా నది దాటాక, ఎయిర్‌పోర్టు నుంచి పది కిలోమీటర్లు. అశోకుడి శాసనాలు చెక్కిన బండ, దాని పైన బండలోంచి బయటికొస్తున్నట్టు ఏనుగు ముందు భాగం. కళింగ యుద్ధం సంగతి చెప్పే 13వ శాసనం మిగతా చోట్ల ఉంది, ఇక్కడ లేదు. యుద్ధం జరిగిన నేల మీద ఆ మాట రాయించలేదు. దాని బదులు అధికారులకు వేరే ఆజ్ఞలు చెక్కించాడు. మనుషులంతా నా బిడ్డలు అన్నది వాటిలోనే. ఆ ఆజ్ఞల రెండో ప్రతి మన గంజాం జిల్లాలో, పురుషోత్తంపురం దగ్గర జౌగడలో ఉంది. బండ చుట్టూ రెయిలింగు, చూడటానికి పది నిమిషాలు చాలు. జనమంతా పైన కొండ మీద 1972 నాటి తెల్ల స్తూపం దగ్గరికే పోతారు, బండ దగ్గర ఎవరూ ఉండరు. ఆటో ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరిగి రావడానికి బండి దొరకదు, రానూ పోనూ మాట్లాడుకోండి.

(ఒక అమ్మ: తినే సామాను విమానంలో పట్టుకెళ్లనిస్తారా?)

మంచి ప్రశ్న, దీని దగ్గరే ఎక్కువ పోగొట్టుకుంటారు. ఆవకాయ చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ఆవకాయ పెట్టెలో వేయాలి. సీసాలో కాదు, రెండు మందపాటి ప్లాస్టిక్ కవర్లలో గాలి తీసి కట్టి, దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాను పాత తువ్వాలులో చుట్టి. మూతలోంచి నూనె కారితే బట్టలన్నీ పోతాయి, బెల్టు మీద మీ పెట్టె ఎక్కడుందో వాసనే చెబుతుంది. పహాళ రసగుల్లా కావాలంటే, అది కటకం రోడ్డులో ఊరి బయట, రెండున్నర గంటల్లో కుదరదు. ఊళ్లోనే కొనుక్కున్నా పాకం ఉన్నది పెట్టెలోనే వేయండి. అంతర్జాతీయ ప్రయాణంలో పాకం నూరు మిల్లీలీటర్ల ద్రవాల లెక్కలోకి వస్తుంది. బదులు ఛెనా పోడ కొనండి. విరిగిన పాల ముద్దను కాల్చిన మిఠాయి, పొడిగా ఉంటుంది, చేతిసంచిలో వెళ్తుంది. పూర్తిగా చల్లారిన ముక్క అడగండి, వేడిగా కట్టించుకుంటే చెమర్చి సాయంత్రానికి పులుస్తుంది.

ఇక కొబ్బరికాయ. లింగరాజ దగ్గర కొట్టించుకున్న కాయ, ఇంటికి తీసుకెళ్దామని ఎండు కురిడీ, సంచిలో పెట్టుకుంటారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మండే వస్తువు కింద లెక్క, పెట్టెలో కూడా తీసుకెళ్లనివ్వరు. 2024 అక్టోబర్లో శబరిమల ఇరుముడి కాయను చేతిసంచిలో తీసుకెళ్లడానికి కొన్నాళ్లు వీలు ఇచ్చారు. ప్రత్యేకంగా ఆర్డరు ఇవ్వాల్సి వచ్చిందంటే మామూలు రోజుల్లో కుదరదనే కదా. కాబట్టి కాయను అక్కడే పగలగొట్టించి, బిందుసాగరం గట్టు మీద కూర్చుని తలా ముక్క తినేసి, చిప్పలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కండి.